పెదపాడు గుడిసె నుంచి ముఖ్యమంత్రి కుర్చీ దాకా
(దామోదరం సంజీవయ్య గారి జీవితం)



మన గోడపత్రికలో నెలకొక మహానుభావుడి జీవితం రాసుకుంటున్నాం కదా. ఫిబ్రవరి నెల వంతు నాది. ఈ నెల 14న పుట్టిన దామోదరం సంజీవయ్య గారి గురించి రాస్తానని నేనే అడిగి తీసుకున్నాను. దీని వెనకాల ఒక చిన్న గొడవ ఉంది. ముందు అది చెప్తాను.

పోయిన నెల సోషల్ పీరియడ్‌లో శాసనసభ పాఠం జరిగింది. రిజర్వుడు స్థానాల సంగతి వచ్చినప్పుడు మా క్లాసులో ఒకడు లేచాడు. రిజర్వుడు సీట్లో గెలిచినోళ్ళు పేరుకే ఎమ్మెల్యేలనీ, పెద్దోళ్ళు చెయ్యి ఎత్తమంటే ఎత్తుతారు, దించమంటే దించుతారనీ అన్నాడు. సగం క్లాసు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన నియోజకవర్గం కూడా రిజర్వుడే కదా. రేపు మనలో ఎవరైనా నిలబడితే మన గురించి కూడా ఇట్లాగే నవ్వుతారన్న మాట. సార్ గారు ఎవర్నీ తిట్టలేదు. బీరువాలోంచి రెండు పుస్తకాలు తీసి నా చేతికిచ్చి, చదివి నువ్వే తేల్చుకోమన్నారు. ఆ పుస్తకాల్లో చదివిందీ, సార్ గారిని అడిగి తెల్సుకుందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పెద్ద వ్యాసమే. ఓపికగా చదవండి. ఒక్క రోజులో కాకపోతే రెండు రోజులు చదవండి.

పుట్టుక, బాల్యం

కర్నూలు పట్నం పక్కనే పెదపాడు అనే ఊరు. 1921 ఫిబ్రవరి 14న ఆ ఊళ్ళో ఒక నిరుపేద దళిత కుటుంబంలో సంజీవయ్య పుట్టాడు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. సొంత భూమి సెంటు కూడా లేదు. బట్ట నెయ్యడం, కూలికి పోవడం, ఇదే ఆ ఇంటి బతుకు. పిల్లవాడు పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయాడు. తల్లికి దిక్కు తోచక బిడ్డల్ని తీసుకుని పాలకుర్తిలోని తమ్ముడి ఇంటికి చేరింది. అక్కడ సంజీవయ్య పశువులు కాశాడు.

మనలో పశువులు కాయని వాళ్ళు ఎంతమంది? సెలవులకు ఇంటికెళ్తే మనం చేసే మొదటి పని అదే కదా. అందుకే ఈ మాట చదవగానే నాకు ఆయన మనూరి మనిషిలాగా అనిపించాడు.

కొన్నాళ్ళకు కుటుంబం మళ్ళీ పెదపాడు వచ్చింది. అన్నయ్య చిన్నయ్య కూలి చేసి ఇల్లు నడిపాడు. తమ్ముణ్ణి మాత్రం బడి మానిపించలేదు. ఊళ్ళో చదువు అయ్యాక కర్నూలులో మిషన్ బడి, తర్వాత మునిసిపల్ హైస్కూలు. ఆ రోజుల్లో అంటరానితనం ఎట్లా ఉండేదో మన పాఠాల్లో చదువుకున్నాం. ఊరి బావి దగ్గరికి పోనియ్యరు, గుళ్ళోకి రానియ్యరు. అట్లాంటి కాలంలో 1938లో సంజీవయ్య ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాడు. జిల్లాలోనే మొదటివాడుగా వచ్చాడని రాశారు.

ఇక్కడొక మాట. ఇంట్లో ఒకడు చదవాలంటే ఇంకొకడు చదువు మానుకోవాల్సి వచ్చిన కాలం అది. చిన్నయ్య పేరు ఏ పార్కుకూ పెట్టలేదు. కాని ఆయన లేకపోతే ఈ కథే లేదు. మన ఇళ్ళల్లో కూడా మనల్ని ఇక్కడ చదివిస్తూ పోడు పనికి పోతున్న అన్నలు, అక్కలు ఉన్నారు. వాళ్ళను గుర్తు చేసుకోండి.

కాలేజీ, ఉద్యోగాలు

ఎస్.ఎస్.ఎల్.సి. తర్వాత అనంతపురం వెళ్ళి దత్తమండల కాలేజీలో చేరాడు. ఇప్పుడు మనం రాయలసీమ అంటున్న ప్రాంతాన్ని అప్పుడు దత్తమండలం అనేవారు. ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం, అన్నయ్య పంపే పైకం, ఈ రెంటితోనే గడవాలి. లెక్కలు ప్రధానంగా తీసుకుని 1942లో బి.ఏ. పూర్తి చేశాడు. లెక్కలంటే మనం భయపడతాం. ఆయనకు లెక్కలే ఇష్టం. దాంతోపాటు తెలుగు పద్యమన్నా అంతే ఇష్టం.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. బి.ఏ. చదివినా మంచి ఉద్యోగం దొరకలేదు. రేషన్ ఆఫీసులో గుమస్తాగా చేరాడు. కొంతకాలం మద్రాసులో పంతులుగా కూడా పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత మద్రాసు లా కాలేజీలో చేరి 1948లో న్యాయశాస్త్రం పట్టా తీసుకున్నాడు. గుమస్తా ఉద్యోగం చాల్లే అనుకుంటే అక్కడితో ఆగిపోయేవాడు. ఆయన ఆగలేదు.

రాజకీయాల్లోకి

1950 జనవరి 26న మన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఎన్నికలు మాత్రం ఇంకా జరగలేదు. మొదటి ఎన్నికలు అయ్యేదాకా పని చెయ్యడానికి తాత్కాలిక పార్లమెంటు ఒకటి ఉండేది. ఆ పార్లమెంటులో ఒక స్థానం ఖాళీ అయితే 1950లో సంజీవయ్య గారిని ఆ స్థానంలోకి పంపారు. అప్పటికి ఆయన వయస్సు 29 ఏళ్ళు. కోర్టులో వకీలుగా నిలదొక్కుకోకముందే ఢిల్లీ వెళ్ళాడన్న మాట.

1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. అప్పుడు మనది మద్రాసు రాష్ట్రం. కర్నూలు జిల్లా నుంచి కాంగ్రెసు తరఫున రిజర్వుడు స్థానంలో పోటీ చేసి శాసనసభ్యుడయ్యారు. రాజాజీ గారు ముఖ్యమంత్రి. ఆయన మంత్రివర్గంలో సహకార శాఖ, గృహ నిర్మాణం సంజీవయ్య గారికి ఇచ్చారు. 31 ఏళ్ళకే మంత్రి! మొన్న మొన్నటి దాకా రేషన్ ఆఫీసులో గుమస్తా.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు. అక్కడ సరిపడా భవనాలు లేక ఆఫీసులు డేరాల్లో నడిచాయి. సంజీవయ్య గారు చిన్నప్పుడు బడికి నడిచిన ఊరే ఇప్పుడు రాజధాని. టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఆయన మంత్రిగా ఉన్నారు.

ఆ ప్రభుత్వం ఏడాది కొంచెం పైన నడిచి 1954 నవంబరులో పడిపోయింది. మద్య నిషేధం విషయంలో అవిశ్వాస తీర్మానం పెడితే అది ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఒక్క ఓటు! పేరుకే ఎమ్మెల్యేలు, చేతులెత్తేవాళ్ళు అని నవ్విన మా క్లాసు అబ్బాయి ఇది చదవాలి. శాసనసభలో ఎత్తే ఒక చెయ్యి ఎంత బరువైందో ఆ రోజు తెల్సింది. ఆ చెయ్యి జనరల్ సీటుదా, రిజర్వుడు సీటుదా అని లెక్కపెట్టేవాళ్ళు చూడరు.

1954లోనే ఆయన కృష్ణవేణి గారిని పెళ్ళి చేసుకున్నారు. 1955 ఎన్నికల్లో మళ్ళీ గెలిచారు. బెజవాడ గోపాలరెడ్డి గారి మంత్రివర్గంలో పనిచేశారు. 1956 నవంబరు 1న తెలంగాణ కూడా కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు మారింది. నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన దగ్గర కూడా సంజీవయ్య గారు మంత్రే. అంటే రాష్ట్రం మూడు పేర్లు మారింది, ముఖ్యమంత్రులు నలుగురు మారారు, ఈయన మాత్రం మంత్రిగా కొనసాగారు. పని తెల్సిన మనిషి, తగాదాలకు పోని మనిషి అని పేరు వచ్చింది.

ముఖ్యమంత్రి కుర్చీ

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. 1960 వచ్చేసరికి సంజీవరెడ్డి గారు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులుగా వెళ్ళారు. ముఖ్యమంత్రి పదవి ఖాళీ అయింది. ఎవరిని కూర్చోబెట్టాలి? పార్టీలో వర్గాలున్నాయి. ఒక వర్గం నాయకుణ్ణి ఇంకో వర్గం ఒప్పుకోదు. అప్పుడు సంజీవయ్య గారి పేరు ముందుకొచ్చింది. 1960 జనవరి 11న ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. వయస్సు ఇంకా 39 నిండలేదు. భారతదేశం మొత్తంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి.

మన క్లాసు గొడవ ఇక్కడ మళ్ళీ గుర్తుకొస్తుంది. పెద్దోళ్ళు తగాదా పడి మధ్యలో ఈయన్ని కూర్చోబెట్టారు కదా, ఇందులో ఆయన గొప్ప ఏముంది అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కుర్చీ ఇచ్చింది వేరేవాళ్ళే. తీసుకున్నది కూడా వాళ్ళే. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి గారు తిరిగి రాష్ట్రానికి వచ్చి ముఖ్యమంత్రి అయ్యారు. 1962 మార్చి 12న సంజీవయ్య గారు దిగిపోయారు. మొత్తం రెండు సంవత్సరాల రెండు నెలలు. ఆ కాలంలో కూడా సొంత పార్టీలోని ముఠాలు ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

మరి ఆ 26 నెలల్లో ఆయన ఏం చేశారు? కుర్చీలో ఊరికే కూర్చున్నారా? అదే చూద్దాం.

మొదటిది భూమి. ప్రభుత్వం చేతిలో ఉన్న బంజరు భూముల్ని భూమి లేని పేదలకు పంచారు. ఆరు లక్షల ఎకరాలు పంచారని ఆయన పాలన గురించి రాసినవాళ్ళు లెక్క చెప్తారు. ఆరు లక్షల ఎకరాలంటే ఒక్కో కుటుంబానికి రెండెకరాలు అనుకుంటే మూడు లక్షల కుటుంబాలు. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టిన మనిషి సంతకం పెడితే అంతమంది చేతికి పట్టా కాగితం వచ్చింది.

రెండోది పింఛను. కష్టం చెయ్యలేని ముసలివాళ్ళకు ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇచ్చే వృద్ధాప్య పింఛను మన రాష్ట్రంలో ఆయన కాలంలోనే మొదలైంది. దీని మీద జనం ఒక కథ చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి అయ్యాక ఆయన ఊరికెళ్ళి తల్లికి వంద రూపాయలిచ్చాడట. నాకంటే నువ్వున్నావు, కొడుకు లేని ముసలమ్మల గతేంటని ఆమె అడిగిందట. ఆ మాట మనసులో నాటుకుని పింఛను పెట్టాడట. ఆ తల్లి ముఖ్యమంత్రి తల్లి అయ్యాక కూడా పెదపాడులో పూరింట్లోనే, మట్టి కుండలోనే వండుకునేదని కూడా చెప్పుకుంటారు.

మా అవ్వకు పింఛను వస్తుంది. ఒకటో తారీకు వస్తుందంటే ముందురోజు నుంచే ఆమె ముఖం వేరుగా ఉంటుంది. ఆ డబ్బులో ఇంట్లో ఎవరూ వేలు పెట్టకూడదు. నేను హాస్టలుకు వచ్చేటప్పుడు కొంగు ముడి విప్పి నాకు ఇచ్చేది అందులోంచే. ఇన్నేళ్ళలో పింఛను పేర్లు మారాయి, మొత్తం మారింది, ఇచ్చే పద్ధతి మారింది. కాని మొదటి అడుగు వేసిన మనిషి పేరు మా అవ్వకు తెలియదు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు చెప్తాను.

మూడోది అవినీతి నిరోధక శాఖ. మనం పేపర్లో ఏసీబీ వలలో ఫలానా ఉద్యోగి అని చదువుతాం కదా, ఆ ఏసీబీ 1961 జనవరి 2న ప్రత్యేక శాఖగా ఏర్పడింది. అంతకుముందు ఆ పని సి.ఐ.డి. పోలీసుల్లో ఒక భాగంగా ఉండేది. ఒక కాగితం కోసం పదిసార్లు తిరిగి, చివరికి చేతిలో ఏదైనా పెడితేగాని పని కాని బాధ మన తల్లిదండ్రులకు తెల్సు. ఆ బాధ తెల్సిన ఇంటి నుంచి వచ్చినవాడే దానికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉండాలని చూశాడు.

నాలుగోది చదువు. 1961లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. పిల్లల్ని బడికి పంపడం తప్పనిసరి చెయ్యాలన్నది దాని ఉద్దేశం. హైదరాబాదు, సికింద్రాబాదు రెండు వేరు వేరు మునిసిపల్ కార్పొరేషన్లుగా ఉంటే 1960లో రెంటినీ కలిపి ఒక్కటి చేశారు. నాటకాలు, నాట్యాలు జరిగే రవీంద్రభారతి 1961లో మొదలైంది కూడా ఆయన హయాంలోనే.

అన్నీ నెగ్గాయా?

సార్ గారు ఒక మాట చెప్పారు. జీవిత చరిత్ర రాసేటప్పుడు పొగడ్తలే రాస్తే అది హారతి పాట అవుతుంది, చరిత్ర కాదు అని. అందుకని నెగ్గనిది కూడా రాస్తున్నాను.

1961లోనే భూపరిమితి చట్టం చేశారు. ఒక్కరి చేతిలో మరీ ఎక్కువ భూమి ఉండకూడదు, మిగులు భూమి పేదలకు పంచాలి అన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని అందులో పెట్టిన పరిమితి చూడండి. భూమి రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు! 324 ఎకరాలంటే మా గూడెంలో అందరి పొలాలూ కలిపినా అంత ఉండదు. పైగా పెద్ద రైతులు కొడుకుల పేర, చుట్టాల పేర రాయించుకున్నారు. దాంతో మిగులు భూమి పెద్దగా బయటికి రాలేదు. చివరికి 1973లో ఇంకో గట్టి చట్టం చెయ్యాల్సి వచ్చింది. అందులో పరిమితి 10 ఎకరాల నుంచి 54 ఎకరాలకు తగ్గింది.

దీన్నుంచి నాకు ఒకటి అర్థమైంది. ప్రభుత్వం చేతిలో ఉన్న భూమి పంచాలంటే ముఖ్యమంత్రి సంతకం చాలు. పెద్దోళ్ళ చేతిలో ఉన్న భూమి తియ్యాలంటే శాసనసభలో కూర్చున్నవాళ్ళు ఒప్పుకోవాలి. ఆ సభలో కూర్చున్నవాళ్ళలో భూములున్నవాళ్ళే ఎక్కువ. మంచి మనిషి ఒక్కడు పైన కూర్చుంటే సరిపోదు. చేతులెత్తేవాళ్ళలో కూడా మంచివాళ్ళు ఉండాలి.

పంచిన బంజరు భూముల సంగతి కూడా ఇంతే. పేదవాడికి పట్టా వచ్చింది, కాని పెళ్ళికో రోగానికో అప్పు చేసి ఆ భూమిని తక్కువకు అమ్ముకున్నాడు, కాదంటే తాకట్టు పెట్టి పోగొట్టుకున్నాడు. అందుకని 1977లో అసైన్డ్ భూములు అమ్మకూడదు, కొన్నా చెల్లదు అని చట్టం తెచ్చారు. మన ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 రెగ్యులేషన్ ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూములకు హక్కు పత్రాలు వచ్చాయి. ఇవన్నీ మనకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలు. మన నాన్నలకు మాత్రం ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచిన కాగితాలు.

ఢిల్లీ రోజులు

కుర్చీ పోయినందుకు సంజీవయ్య గారు అలిగి ఇంట్లో కూర్చోలేదు. 1962లోనే ఆయన్ని అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుణ్ణి చేశారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళితుడు కూడా ఆయనే. సంజీవరెడ్డి గారు అక్కణ్ణించి ఇక్కడికి వస్తే సంజీవయ్య గారు ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళారన్న మాట. అవి కష్టమైన రోజులు. 1962 చివర్లో చైనాతో యుద్ధం వచ్చింది. 1963లో కామరాజ్ పథకం కింద పెద్ద పెద్ద మంత్రులు పదవులు వదిలి పార్టీ పనికి రావాల్సి వచ్చింది.

1964లో నెహ్రూ గారు చనిపోయారు. లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధానమంత్రి అయ్యారు. ఆయన మంత్రివర్గంలో సంజీవయ్య గారు కార్మిక శాఖ మంత్రి. 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. అంతకుముందు బోనసు అంటే యజమాని దయ, లేదంటే ఏళ్ళ తరబడి కోర్టులో తగాదా. ఈ చట్టంతో అది కార్మికుడి హక్కు అయింది. ఏడాది జీతంలో నూటికి నాలుగు వంతులు గాని, 40 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది తప్పకుండా ఇవ్వాలని మొదట్లో పెట్టారు. లెక్కల మేష్టారు తయారుచేసిన చట్టం లాగానే ఉంది కదూ. కార్మికుల సమస్యల మీద ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు.

1967 ఎన్నికల్లో కర్నూలు నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. తన సొంత జిల్లాలోనే ఓడిపోయారు. అంత చేసిన మనిషిని జనం ఓడించడమేమిటని నాకు మొదట కోపం వచ్చింది. సార్ గారు నవ్వి, ఓటరుకు ఆ హక్కు ఉండబట్టే పశువులు కాసిన పిల్లవాడు కూడా ముఖ్యమంత్రి కాగలిగాడని చెప్పారు. గెలిపించే హక్కు, ఓడించే హక్కు రెండూ ఒక్కటే. అదీ నిజమే అనిపించింది.

ఓడిపోయాక కూడా ఆయన అవసరం తీరలేదు. 1970లో మళ్ళీ కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 1971లో ఇందిరాగాంధీ గారి కాలంలో మళ్ళీ కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో ఢిల్లీలో చనిపోయారు. వయస్సు 51 ఏళ్ళే. ఇరవై రెండేళ్ళు పదవుల్లో తిరిగిన మనిషి సొంతానికి మేడలు, మిద్దెలు కట్టుకోలేదని ఈనాటికీ జనం చెప్పుకుంటారు.

ఆయన పేరుతో

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. కర్నూలు జిల్లాలో హంద్రి నది మీద గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరెంటు తయారయ్యే థర్మల్ కేంద్రానికి ఆయన పేరే. 2008లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. విశాఖపట్నంలో ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం పేరు కూడా దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయమే. మన బళ్ళో లాయరు కావాలని అనుకునే అక్కలు ముగ్గురు ఉన్నారు. మీరు రాసే ఎంట్రన్సులో ఆ పేరు కనపడితే ఈ గోడపత్రికను గుర్తు చేసుకోండి.

ఇంతకీ గొడవ తేలిందా?

నా లెక్క ప్రకారం తేలింది. మా క్లాసు అబ్బాయి అన్నదాంట్లో సగం నిజం ఉంది. కుర్చీ ఎవరికివ్వాలో పెద్ద వర్గాలే తేల్చుకున్నాయి. అవసరం తీరాక వెనక్కి తీసుకున్నాయి. మిగతా సగం మాత్రం తప్పు. కుర్చీ ఎట్లా వచ్చినా అందులో కూర్చుని ఏ కాగితం మీద సంతకం పెట్టాలో ఎంచుకునేది కూర్చున్న మనిషే. 26 నెలల్లో ఆయన పెట్టిన సంతకాలు కొన్ని నెగ్గాయి, కొన్ని నెగ్గలేదు. కుర్చీ వెనక్కి తీసుకున్నారు గాని పింఛను ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. ఆ తర్వాత ఎంతమంది ముఖ్యమంత్రులు వచ్చినా దాన్ని పెంచాల్సిందే తప్ప తీసెయ్యడం ఎవరి తరం కాలేదు.

2014లో రాష్ట్రం రెండుగా విడిపోయింది. ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్ శాసనసభలో గిరిజనులకు 7 స్థానాలు, తెలంగాణ శాసనసభలో 12 స్థానాలు ఉన్నాయి. దళితులకు అక్కడ 29, ఇక్కడ 19. ఆ కుర్చీల్లో రేపు కూర్చునేవాళ్ళు ఇట్లాంటి హాస్టళ్ళలోంచే, ఇట్లాంటి గోడపత్రికలు చదివే పిల్లల్లోంచే రావాలి. వచ్చినప్పుడు చెయ్యి ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు ఎత్తకూడదో తెలియాలంటే ముందు చదువుకోవాలి. లెక్కల పీరియడ్‌లో వెనక బెంచీలో దాక్కోకూడదు. ఇది నాకు కూడా చెప్పుకుంటున్నాను.

చివరగా ఒక విన్నపం. ఈసారి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె తెరిపించి, మీ ఇంటి పట్టా కాగితాన్ని ఒకసారి పైకి చదవండి. ఎవరి పేరు మీద ఉంది, ఎన్ని ఎకరాలు, ఏ సంవత్సరంలో ఇచ్చారు, అమ్మొచ్చా అమ్మకూడదా, అన్నీ చదివి అమ్మానాన్నలకు వినిపించండి. చదువురాని ఇంట్లో పుట్టి చట్టాలు చేసే సభ దాకా వెళ్ళిన సంజీవయ్య గారికి మనం చెయ్యగలిగిన నమస్కారం అదే. చదివి వచ్చినవాళ్ళు వచ్చే నెల గోడపత్రికకు రాసివ్వండి. తప్పకుండా అతికిస్తాం.

– పదో తరగతి విద్యార్థి